లాకెన్ లాగ్‌బుక్కులో ఒక గీత

2004 ఫిబ్రవరి 5, గురువారం

ఈ నోటుబుక్కు గున్‌వోర్ కొనిచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో నా సణుగుడు విని విని ఆవిడ ప్రాణం విసిగిందట. "ఇకనుంచి దీనితో సణుక్కో. ఇది ఎదురు చెప్పదు" అంది. సరే, చూద్దాం.

పొద్దున ఉత్తరం వచ్చింది. మా దేశపు మొదటి జలాంతర్గామి హాయెన్ నీళ్ళలోకి దిగి ఈ జులైకి వందేళ్ళు. పుస్తకం వేస్తున్నారు. దానికి సంపాదకుడు కమాండర్ రిడ్‌స్టెడ్, నాకన్నా చిన్నవాడు, ఆయనా ఇప్పుడు రిటైరైపోయాడు. ఐదో అధ్యాయం నన్ను రాయమంటున్నాడు. ఎనభైల నాటి వేట గురించి. పరాయి దేశాల జలాంతర్గాములు మా దీవుల సందుల్లోకి దొంగతనంగా వస్తున్నాయని జనం బైనాక్యులర్లు పట్టుకుని ఒడ్డున కూర్చున్న రోజులవి. "లాకెన్ బోటులో ఆ చప్పుడు విన్న చెవి మీది. మీరు కాక ఇంకెవరు రాస్తారు?" అని రాశాడు.

విన్న చెవికి ఇప్పుడు మిషను పెట్టారు. రెండో చెవికి మిషను కూడా దండగన్నాడు డాక్టరు.

ఆరు పేజీలు. మే నెలాఖరు గడువు. పెద్ద పనేం కాదు, రాసి పడేస్తాను.

భోజనంలోకి బఠాణీ సూపు, పాన్‌కేకులు. గురువారం కదా, నావికాదళపు అలవాటు. నేను బోటు దిగి పద్నాలుగేళ్ళయినా ఈ ఇంట్లో గురువారం మారలేదు. నీళ్ళ కింద పగలూ రాత్రీ ఒకటే. సూపు వాసన వస్తే, ఓహో గురువారం అనుకునేవాళ్ళం.

ఫిబ్రవరి 9, సోమవారం

మొదలుపెట్టాను. ముందు విషయం క్లుప్తంగా ఇక్కడ రాసుకుంటే తరవాత పెంచుకోవచ్చు.

1983 అక్టోబరు 13. మా జలాంతర్గామి లాకెన్ స్టూర్‌విక్ అఖాతంలో అడుగున ఇంజన్లాపి పడుకుని ఉంది. వినే గదిలో నేను, టోర్కెల్. నేను పెద్ద, అతను నా కింద పనిచేసేవాడు. మధ్యాహ్నం 12.40కి చప్పుడు వచ్చింది. ఇద్దరం విన్నాం. ఇద్దరం ప్రొపెల్లరే అన్నాం. కెప్టెన్‌కి చెప్పాం. పైనున్న పడవలు నాలుగు రోజులు నీటి బాంబులు వేశాయి. ఏమీ దొరకలేదు.

ఇంతే సంగతి. దీనికి ఆరు పేజీలు ఎందుకో.

ఫిబ్రవరి 10

నిన్నటిది మళ్ళీ చదివాను. బాగానే ఉంది.

ఫిబ్రవరి 18, బుధవారం

గున్‌వోర్ అడిగింది, టోర్కెల్‌కి చెప్పావా అని. ఎందుకు చెప్పాలన్నాను. పుస్తకంలో వాడి పేరు వస్తుంది కదా, మర్యాద కోసమైనా చెప్పాలంది. చెవి మిషనులో బ్యాటరీ అయిపోయినట్టు మొహం పెట్టాను.

టోర్కెల్ ఆస్పో దీవిలో ఉంటాడు. నావికాదళం వదిలేశాక అక్కడ చేపలు పొగబెట్టే కొట్టం పెట్టుకున్నాడు. మా కిటికీలోంచి ఆ దీవికి పోయే ఓడ కనిపిస్తుంది. అరగంట ప్రయాణం, టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ఇరవై ఏళ్ళలో నేను ఒక్కసారీ ఎక్కలేదు. ఓడ గాలి నా ఒంటికి పడదు.

వేట అయిన నెలకి అతన్ని బోటు దించేసి ఒడ్డున గోదాములో వేశారు. లైఫ్ జాకెట్లు మడతలు పెట్టే పని. ఎందుకు వేశారో నాకు తెలియదు. పైవాళ్ళ నిర్ణయం. రెండేళ్ళు చేసి మానేశాడు. ఆ తరవాత వాళ్ళావిడ కూడా వెళ్ళిపోయింది. వాటికీ వీటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు.

మార్చి 4, గురువారం

మ్యూజియానికి వెళ్ళాను. నా అధ్యాయానికి హాయెన్‌తో పనిలేదు, కాని చూస్తే మనసు తేలికపడుతుందని వెళ్ళాను. అంత చిన్న గొట్టంలో పదకొండు మంది. నీళ్ళ పైన ఉంటే కిరసనాయిలు ఇంజను, కింద బ్యాటరీలు. ఆ పొగకి వాళ్ళకి కళ్ళు తిరిగేవట. వాళ్ళకి వినే గది లేదు, వినడానికి యంత్రమే లేదు. గుడ్డిగా, చెవిటిగా మునిగి, దేవుడి మీద భారం వేసి లేచేవాళ్ళు. హాయిగా ఉండి ఉంటుంది.

అక్కడే రెండు గంటలు కూర్చున్నాను. కాపలా అమ్మాయి వచ్చి, తాతగారూ, ఒంట్లో బాగుందా అని అడిగింది.

మార్చి 9

రాయలేదు.

మార్చి 10

రాయలేదు. పెన్సిళ్ళు చెక్కాను.

మార్చి 16, మంగళవారం

నావికాదళం దస్తావేజుల గదికి వెళ్ళాను. లాకెన్ లాగ్‌బుక్కుల మీది ఇరవై ఏళ్ళ గోప్యత కిందటి శరదృతువులో తీరిపోయింది. రిడ్‌స్టెడ్ ఉత్తరం చూపిస్తే లోపలికి పంపారు. అక్కడి గుమాస్తా అట్టపెట్టె తెచ్చిపెట్టి, ఇది అడిగినవాళ్ళలో మీరే మొదటివారన్నాడు.

పేజీ వెతుక్కోవలసిన పని పడలేదు. చెయ్యి దానంతట అదే తెరిచింది.

12.40 ఎదురుగా టోర్కెల్ గుండ్రటి దస్తూరీ: "హెర్రింగ్ చేపల గుంపు. చాలా పెద్దది." దాని మీద ఒక గీత. పైన నా దస్తూరీ: "ప్రొపెల్లర్. నెమ్మదిగా." పక్కన నా పొడి అక్షరాలు, ఎ. షో. తేదీ.

మాకు బడిలో మొదటి రోజే నేర్పే నియమం ఇది. లాగ్‌బుక్కులో తప్పు పడితే చింపకూడదు, గీకకూడదు, పూసి కప్పెట్టకూడదు. ఒక్క గీత, అదీ కింది మాట చదవగలిగేలా. దాని పక్కన కొట్టినవాడి పొడి అక్షరాలు, తేదీ. నేను నియమం ఎక్కడా తప్పలేదు. ఎంత శుభ్రంగా కొట్టానో.

ఇరవై ఏళ్ళపాటు పైవాళ్ళలో ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే చాలు, ఉన్నదున్నట్టు కనబడేది. ఒక్కడూ తెరవలేదు.

గుమాస్తా ఆ పేజీకి జిరాక్సు తీసిచ్చాడు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.

మార్చి 17

సరే. టోర్కెల్ హెర్రింగ్ అన్నాడు. నేను ప్రొపెల్లర్ అన్నాను. ఇద్దరు మనుషులకి రెండు రకాలుగా వినబడచ్చు. నేను పెద్దవాణ్ణి కాబట్టి నా మాట నిలబడింది. ఫిబ్రవరి 9న రాసినది కాస్త సర్దాలి. తరవాత చూద్దాం.

మార్చి 25, గురువారం

ఈ మధ్య గురువారాల్లో సూపు తినబుద్ధి కావడం లేదు. గున్‌వోర్‌తో చెబితే, నలభై ఏళ్ళ తరవాత ఇప్పుడా వంక పెట్టేది అంది.

ఆ రోజు కూడా గురువారమే. మేము ఆ అఖాతంలో కాపు కాయడం మొదలెట్టి పదహారో రోజు. గాలి బరువెక్కిపోయి అందరూ తలనొప్పితో ఉన్నారు. చప్పుడు మొదలవగానే టోర్కెల్ హెడ్‌ఫోన్లు ఒత్తిపట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. ఏదో ఇద్దరికీ తెలిసిన పాత స్నేహితుడు తలుపు తట్టినట్టు నవ్వి, లాగ్‌బుక్కులో రాసేశాడు. అప్పుడే తలుపు దగ్గర కెప్టెన్ సూపు గిన్నెతో నిలబడ్డాడు. ఏమిటన్నాడు. కెరటాల్లాగా చప్పుడు వచ్చి పోతోందని చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, "ప్రొపెల్లరా?" అని అడిగాడు. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో. ఆయన వెనక నడవలో ఐదారుగురు గరిటెలు ఆపి వింటున్నారు. పదహారు రోజులు ఊరికే పడుకున్నామని పైకి వెళ్ళి చెప్పడానికి ఎవరికీ మొహం చెల్లేలా లేదు.

నేను జాలరివాళ్ళ పిల్లాణ్ణి. బడిలో నన్ను "చేపకంపు" అని పిలిచేవాళ్ళు. ఆ కంపు వదిలించుకోవడానికి ఎంత చదివానో, ఎన్ని పరీక్షలు రాశానో. అన్నీ చేసి, దేశం మొత్తానికి అన్నిటికన్నా మంచి యంత్రం ముందు కూర్చుని, కెప్టెన్ అడిగితే నేను చెప్పవలసిన మాట చివరికి అదా?

"ప్రొపెల్లరే అనుకుంటాను" అన్నాను. టోర్కెల్ చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. ఆయన ముందరే గీత కొట్టాను. టోర్కెల్ ఒక్కసారి, "సార్, అది హెర్రింగ్" అన్నాడు. కెప్టెన్ అతని వైపు చూడలేదు.

అంతవరకే గుర్తుంది. నాకు ఏం వినబడిందో మాత్రం ఇప్పుడు గుర్తులేదు. ఇరవై ఏళ్ళు దాటింది కదా.

ఏప్రిల్ 1

మూడు పేజీలయ్యాయి. అన్నీ ఎనభైకి ముందువే.

ఏప్రిల్ 15, గురువారం

మా జలాంతర్గామి ఉల్వెన్ మునిగిన రోజు. నలభై మూడులో జర్మన్ల మైను తగిలి ముప్ఫై ముగ్గురు పోయారు. రేవు దగ్గర పూలు పెట్టారు. గాలి విపరీతంగా వీచింది. మైకులో ఎవరేం మాట్లాడారో నాకు వినబడలేదు. వినబడినట్టు తల ఊపాను.

మాకు వినడం నేర్పిన బ్రూర్ గారు కుర్రతనంలో ఉల్వెన్ కోసం వెతికిన పడవల్లో ఒకదాని మీద పనిచేశాడు. లోపల ఎవరైనా బతికి ఉంటే ఇనపగోడ మీద సుత్తితో కొడతారని, నీళ్ళలోకి గొట్టాలు దించి రోజుల తరబడి విన్నారట. ఆయనకి మూడో రోజు దెబ్బలు వినబడ్డాయి. మూడు దెబ్బలు, ఆగి, మళ్ళీ మూడు. ఒడ్డున ఆడవాళ్ళకి కబురు వెళ్ళింది. తరవాత చూస్తే అవి వాళ్ళ పడవ గొలుసు దెబ్బలు. "నేను అబద్ధం చెప్పలేదు బాబూ. నాకు నిజంగానే వినబడింది. అంత కావాలనుకున్నాం మరి" అని మాకు చెప్పి, ఆ క్లాసు అక్కడితో ఆపేసి బయటికి వెళ్ళి సిగరెట్టు కాల్చుకున్నాడు. ముసలివాడయ్యేదాకా ఆ ఆడవాళ్ళలో ఒకావిడకి ఏటా ఉత్తరం రాసేవాడు.

నాకూ అలాగే జరిగి ఉంటుంది. కావాలనుకుని వింటే వినబడుతుంది. ఈ మాట అధ్యాయంలో పెడితే ఎలా ఉంటుందా అని ఇవాళంతా ఆలోచించాను. బాగా కుదురుతుంది. చదివినవాళ్ళు జాలిపడతారు కూడా.

ఏప్రిల్ 16

బ్రూర్ గారికి వినబడింది. తేడా అదే.

ఏప్రిల్ 28, బుధవారం

రిడ్‌స్టెడ్ ఫోన్ చేశాడు. నేను పంపిన నాలుగు పేజీలు బాగున్నాయట. మూడో పేజీలో వాతావరణం తగ్గించి ఉత్కంఠ పెంచమన్నాడు. ధైర్యం చేసి, లాగ్‌బుక్కులో ఒక కొట్టివేత ఉందండీ అన్నాను. ఆయన, "లాగ్‌బుక్కన్నాక కొట్టివేతలు ఉండవా ఏమిటి. ఎవరు చూడొచ్చారు లెండి" అన్నాడు. మరీ ముఖ్యంగా హెర్రింగ్ గొడవ ఎత్తవద్దన్నాడు, వందేళ్ళ పండగ కదా, జనం మళ్ళీ నవ్వుతారు. అలాగేనన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. బలవంతమూ పెట్టలేదు. నేనే నీళ్ళు నమిలాను.

మే 6, గురువారం

హెర్రింగ్ గొడవ అంటే: తొంభైల్లో పరిశోధకులు వచ్చి, ఎనభైల్లో మేము విన్న చప్పుళ్ళలో చాలా వాటికి కారణం జలాంతర్గాములు కావన్నారు. కొన్ని ఈదే జంతువులవి, కొన్ని హెర్రింగ్ గుంపు వెనకనుంచి గాలి వదిలితే వచ్చేవి. దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు పేపరు గున్‌వోర్ కంటపడకుండా సోఫా కింద పెట్టేశాను. మా చప్పుడు వేరే రకం అని ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

కాని వాళ్ళు చెప్పడానికి పన్నెండేళ్ళ ముందే టోర్కెల్ చెప్పాడు. వేట తరవాత వేసిన విచారణ కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. అప్పుడు నవ్వింది దేశం కాదు, మేమే. అతని మంచం మీద ఎవరో హెర్రింగ్ డబ్బా విప్పి బోర్లించారు. డబ్బాలోని టమాటా రసం దిండులోకి ఇంకిపోయింది. అతను దిండు తీసుకుని కడుక్కోవడానికి వెళ్ళాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను. వినేవాడి మాట మీద ఒక్కసారి అనుమానం పడితే ఇక ఆ గదిలో అతనికి కుర్చీ ఉండదు. గోదాములో ఎందుకు వేశారో నాకు తెలియదని ఫిబ్రవరిలో రాశాను కదూ.

నాలుగు రోజులు బాంబులు వేస్తే తేలినవి కూడా హెర్రింగులే. అఖాతం అంతా తెల్లటి పొట్టలు. బాంబులేస్తే చేపలు చావవా అన్నాడు కెప్టెన్. నిజమే, చస్తాయి.

మే 13, గురువారం

గున్‌వోర్ బజారులో టోర్కెల్‌ని చూసింది. శనివారాల్లో చేపలమ్మడానికి వస్తాడట. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. నేను శనివారం బజారుకి రాకపోవడం ఆవిడ గమనించిందట. ఈ వారం మాత్రం ఇవాళే వచ్చాడు. కళ్ళు పోయాయి, మేనకోడలు చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. గొంతుని బట్టే గున్‌వోర్‌ని పోల్చుకున్నాడు. నేను పుస్తకం రాస్తున్నానని ఈవిడ చెప్పేసింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమన్నాడని అడిగాను.

"చదివి వినిపించమన్నాడు. తను చదువుకోలేడు కదా."

"నాకు ఓడ పడదు."

"ఇరవై ఏళ్ళు సబ్‌మెరైన్‌లో తిరిగినవాడివి ఓడ పడదంటే నేను నమ్మానుకున్నావా ఇన్నాళ్ళూ?" అని నా వైపు చూసింది. "ఏం జరిగిందో నేను అడగను. అడిగితే నాకూ ఏదో ఒకటి చెబుతావు. వాడికి చెప్పు."

మే 18

రేపు ఆస్పోకి వెళ్తున్నాను. ఐదు పేజీలు శుభ్రంగా టైపు చేశాను. నాలుగో పేజీలో: "ఇద్దరు సోనార్ ఆపరేటర్లూ అది ప్రొపెల్లర్ అని నిర్ధారించారు." చదివేటప్పుడు ఈ వాక్యం కాస్త వేగంగా దాటేస్తే సరిపోతుంది.

మే 19, బుధవారం

రేవుకి తొమ్మిదింటి ఓడకే వెళ్ళాను. ఎక్కలేదు. తరవాతిది ఎక్కాను.

కొట్టం బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా పోయింది. నేను నోరు విప్పకముందే, "కుడికాలు ఈడుస్తున్నావేంట్రా ఎవెర్ట్" అన్నాడు. "తొమ్మిదింటి దానికి వస్తావనుకున్నా. ఒకటి వదిలేసుంటావులే."

అవునన్నాను. నవ్వాడు. వేడి వేడి పొగచేప, ఎండు రొట్టె, కాఫీ పెట్టాడు. ఎక్కడా తడబడకుండా అన్నీ తనే చేశాడు. నేను సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేశాడు. చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. అల్లంత దూరాన పోతున్న పడవ ఇంజనులో ఒక సిలిండరు తప్పుతోందని మధ్యలో చెప్పాడు. నాకు పడవే వినబడలేదు.

చదవమన్నాడు. చదివాను. మధ్యమధ్య ఆపి తప్పులు దిద్దాడు. ఫలానా బోటులో వంటవాడి పేరు అది కాదు, ఫలానా ఏడాది మంచు అంత ఆలస్యంగా కరగలేదు. మంచి జ్ఞాపకశక్తి. ఒకచోట బాగా రాశావురా అని కూడా అన్నాడు. నాలుగో పేజీ వచ్చింది. వేగంగా దాటేద్దామని ఊపిరి తీసుకున్నాను.

ఎలా జరిగిందో తెలియదు. కళ్ళ ముందు ఒక వాక్యం ఉంది, నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "టోర్కెల్ దాన్ని హెర్రింగ్ గుంపు అని రాశాడు. ఎవెర్ట్‌కి కూడా హెర్రింగే వినబడింది. ఎవెర్ట్ ఆ మాట కొట్టేసి ప్రొపెల్లర్ అని రాశాడు."

టోర్కెల్ చేప ముల్లు తీస్తున్నవాడు ఆగాడు. ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. తరవాత, "అది మళ్ళీ చదువు" అన్నాడు.

కాగితం వైపు చూశాను. అక్కడ ఆ మాటలు లేవు. ఏమన్నానో గుర్తుచేసుకుంటూ మళ్ళీ చెప్పాను. టోర్కెల్ హెర్రింగ్ అని రాశాడు, ఎవెర్ట్‌కీ అదే వినబడింది, కెప్టెన్ సూపు గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎవెర్ట్ కొట్టేశాడు.

"మొదటిసారి సూపు లేదు" అన్నాడు. "కాగితం మీద సూపు ఉందా?"

"లేదు."

"మరి ఏముంది?"

"ఇద్దరం ప్రొపెల్లర్ అన్నామని ఉంది."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

"ఆ చప్పుడు నాకు నేర్పింది నువ్వేరా. మీ నాన్న పడవలో, ఎండాకాలం సెలవల్లో. తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి నా చెవికి ఆనించి, ఇది హెర్రింగ్, ఇంక జన్మలో మర్చిపోవు అన్నావు. ఆ రోజు బోటులో అది వినగానే నీకేసి చూసి నవ్వాను, గుర్తుందా? మీ నాన్న గుర్తొచ్చాడు నాకు."

గుర్తుందన్నాను.

"నువ్వు కొట్టేశాక నేనేమనుకున్నానో తెలుసా? వీడికి చెవి పోతోంది, పాపం, చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నా. కమిటీలో వాళ్ళు అడిగినా నీ చెవి సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే నీ ఉద్యోగం పోతుందని. ఇరవై ఏళ్ళు అదే అనుకున్నా. అలా అనుకుంటే నాకు తేలికగా ఉండేది." గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పు. నీకు వినబడిందా, లేదా? ఇంకేం వద్దు."

"వినబడింది."

"స్పష్టంగా?"

"మా నాన్న పక్కన ఉన్నట్టు వినబడింది."

తల ఊపాడు. చేప మిగిలింది తిన్నాడు. నేను క్షమించమని ఏదో మొదలుపెడితే, కాఫీ చల్లారిపోతోంది తాగు అన్నాడు. ఓడ కూత నాకన్నా ముందు తనే విని, లే, టైమైంది అన్నాడు. చెయ్యి ఇవ్వలేదు. కళ్ళు లేనివాడికి నా చెయ్యి ఎక్కడుందో తెలియలేదేమో అనుకుందామని చూశాను. అన్నీ తడుముకోకుండా అందుకునే మనిషి.

గేటు దాకా వచ్చాక వెనకనుంచి అన్నాడు: "సరిగ్గా రాసి పంపించు. గున్‌వోర్‌ని తీసుకొచ్చి చదవమను. నువ్వు చదివితే నాకు నమ్మకం లేదు."

ఓడలో పైకి ఎక్కి నిలబడ్డాను. ఒంట్లో ఏమీ తేడా చెయ్యలేదు. ఏడుపొచ్చింది.

మే 20, గురువారం

గున్‌వోర్‌కి చెప్పాను. మొత్తం. ఆవిడ సూపు కలుపుతూ విన్నది. గరిటె ఆగలేదు. చివర్లో, టోర్కెల్ వాళ్ళావిడ వెళ్ళిపోయిన ఏడాది మేము వాళ్ళింటికి పండక్కి ఎందుకు వెళ్ళలేదో ఇప్పుడర్థమైంది అంది.

నాలుగో పేజీ మళ్ళీ టైపు చేశాను. లాగ్‌బుక్కు జిరాక్సు జత చేశాను. రిడ్‌స్టెడ్‌కి చిన్న చీటీ రాశాను: హెర్రింగ్ ఉంటేనే అధ్యాయం ఉంటుంది, లేకపోతే ఐదో అధ్యాయం లేకుండా వేసుకోండి. పోస్టులో వేసి వచ్చాను. వేశాక కూడా డబ్బా దగ్గర కాసేపు నిలబడ్డాను, తీసుకోవడానికి వీలుంటుందేమోనని. వీలు లేదు.

మే 21, శుక్రవారం

శనివారం గున్‌వోర్ బజారుకి వెళ్ళేటప్పుడు నేనూ వస్తానన్నాను. సరే, సంచి మొయ్యి అంది.

నిద్ర లేచింది మొదలు ఈ నోటుబుక్కు నన్ను పీకుతోంది. ఫిబ్రవరి 9 పేజీ తీశాను. ఎవరూ చదవని పుస్తకంలో, నాకోసం నేను రాసుకున్న చోట కూడా అలా రాశాను. ఎవరికోసం రాశానో మరి. చింపేద్దామని పేజీ మూల పట్టుకున్నాను. వదిలేశాను. స్కేలు తెచ్చుకుని, "ఇద్దరం ప్రొపెల్లరే అన్నాం" అన్న చోట ఒక్క గీత కొట్టాను. కింది మాట బాగానే కనిపిస్తోంది. దాని పైన రాశాను:

టోర్కెల్ హెర్రింగ్ అన్నాడు. నాకూ అదే వినబడింది.

ఎ. షో.
21.5.2004